జరాసీమ్ పని చేస్తాయి, హిసాబ్ అడిగేవాళ్లేరి?

మొన్న ఆదివారం అసర్ తర్వాత అమ్మీని మా మొహల్లా వెనకున్న తాలాబ్ దాకా నడిపించుకెళ్లాను. కట్ట మీద నిలబడి ఆమె కాసేపు నీళ్ల వైపు చూసి, "అరే, యే పానీ హై కీ పాలక్ కా సాలన్?" అంది. నవ్వొచ్చింది. వెంటనే శరం కూడా వేసింది. ఎందుకంటే ఈ తాలాబ్ ఒడ్డునే మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంది. అది మొదలైన రోజు వెళ్లి ఖబర్ రాసింది నేనే. ఇక మీదట తాలాబ్‌లోకి సాఫ్ నీళ్లే వస్తాయని రాశాను. వస్తున్నాయి కూడా. వాసన తగ్గింది, దోమలు కొంత తగ్గాయి. కానీ ఆ పచ్చదనం అట్లాగే ఉంది.

ఆ పచ్చదనానికి అసలు వజా ఫాస్ఫరస్. మనం తిన్న తిండిలోంచి, ఎక్కువగా పేషాబ్ దారిన, కొంత బట్టల పౌడరు దారిన అది నాలాలో కలుస్తుంది. మామూలు ప్లాంటు నీళ్లలో కుళ్లే సరుకును జరాసీమ్ చేత తినిపిస్తుంది. ఆ కుళ్లు చాలావరకు గాలిలో కలిసిపోతుంది. నైట్రోజన్‌ను కూడా గాలిలోకి పంపొచ్చు. ఫాస్ఫరస్‌కు మాత్రం హవా అయిపోవడం చేతకాదు. దాన్ని పట్టుకుని బయటికి మోస్తే తప్ప చాలామటుకు నీళ్లలో కరిగే ఉండి, తాలాబ్ చేరి, నాచుకు దావత్ అవుతుంది. రాత్రిళ్లు అంత నాచూ ఆక్సిజన్ పీల్చుకుంటుంది, చచ్చి కుళ్లేటప్పుడు ఇంకా లాగేస్తుంది. తెల్లారేసరికి చేపలు తేలేది అందుకే.

ఉర్దూ మీడియం స్కూల్లో మా ఉస్తాద్ "జరాసీమ్" అనే లఫ్జ్ చెప్పినప్పుడల్లా పక్కనే బీమారీ పేరు కూడా చెప్పేవారు. డిగ్రీలో తెలుగు చదివాక అవి "సూక్ష్మజీవులు" అయ్యాయి, ఇజ్జత్ కొంచెం పెరిగింది. ఈ ఫాస్ఫరస్ కథ తెలిశాక నాకు వాటి మీద మొహబ్బతే పుట్టింది.

వాటిలో ఒక ఖౌమ్ ఉంది. గాలి అందని తొట్టిలో పెడితే, ఒంట్లో దాచుకున్న ఫాస్ఫేట్‌ను విరిచి, ఆ తాకత్‌తో మురుగులోని ఆమ్లాలను లోపలికి లాక్కుని కొవ్వులా నిల్వ చేసుకుంటాయి. విరిగిన ఫాస్ఫేట్‌ను నీళ్లలోకి వదిలేస్తాయి. అంటే మొదట నీళ్లలో ఫాస్ఫరస్ పెరుగుతుంది, చూసినవాడు పరేషాన్ అవుతాడు. తర్వాత అవే జరాసీమ్‌ను గాలి కొట్టే తొట్టిలోకి పంపితే నిల్వ చేసుకున్న కొవ్వును కరిగించుకుంటూ, వదిలిన ఫాస్ఫేట్ మొత్తం వెనక్కి తీసుకుని, దాని మీద ఇంకా చాలా మింగుతాయి. ఇంట్లో దాచిన పైసలు ఖర్చు పెట్టి సరుకు కొని, దానితో బేరం చేసి రెట్టింపు పైసలు గల్లాలో వేసుకున్నట్టు. ఆ కడుపు నిండిన జరాసీమ్ అడుగుకు దిగాక బురదగా తీసేస్తే, వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా బయటికి పోతుంది. మామూలు ప్లాంటు బురదలో, ఎండిన తూకంలో, వందకు రెండు పాళ్ల దాకా ఫాస్ఫరస్ ఉంటే, ఈ బురదలో ఐదు నుంచి ఏడు దాకా ఉంటుంది.

ఈ సంగతి మొదట కాగితం మీద పెట్టింది ఎవరో తెలుసా? మన పక్కనున్న బెంగళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో శ్రీనాథ్, శాస్త్రి, పిళ్లై అనే ముగ్గురు. 1959లో. కొన్ని ప్లాంట్ల బురద అవసరానికి మించి ఫాస్ఫరస్ మింగుతోందని వాళ్లు రాశారు. 1970లలో దక్షిణాఫ్రికాలో జేమ్స్ బర్నార్డ్ అనే ఇంజినీరు దాన్ని తొట్ల డిజైన్‌గా మార్చాడు. ఆ దేశం 1980లో కొన్ని నదుల పరిసరాల్లో లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించి ఫాస్ఫేట్ ఫాస్ఫరస్ వదలకూడదని హుకుం తెచ్చింది. హుకుం ఉంది కాబట్టి ప్లాంట్లు ఆ పని నేర్చుకున్నాయి. ఇల్మ్ మన దగ్గర పుట్టింది, అమల్ అక్కడ జరిగింది. అఫ్సోస్.

మన దగ్గర ఏముంది? 2017 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో శుద్ధి ప్లాంట్లకు నాలుగే షర్తులు: పీహెచ్, బీఓడీ, తేలే మడ్డి, మలం తాలూకు కోలిఫాం. ఫాస్ఫరస్ లేదు. అంతకు రెండేళ్ల ముందు తయారైన ముసాయిదా దీనికంటే చాలా సఖ్త్‌గా ఉండేది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ సడలింపు ఒప్పుకోలేదు. అయినా కింది స్థాయిలో నడిచేది పాత హిసాబే. మా తాలాబ్ ప్లాంటులో పనిచేసే ఒక కుర్రాణ్ని అడిగితే చాలా అదబ్‌గా చెప్పాడు: "సాబ్, మమ్మల్ని అడిగేది బీఓడీ. అది పాస్ అయితే మేం పాస్." అతణ్ని ఏమనగలం?

బాధేమిటంటే హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన ప్లాంట్లు ఎక్కువ ఎస్‌బీఆర్ తరహావి. ఒకే తొట్టిలో నింపడం, గాలి కొట్టడం, తేర్చడం, వదలడం వంతులవారీగా జరుగుతాయి. అందులో గాలి లేని వంతు ఒకటి సరిగ్గా కుదిరిస్తే ఈ జరాసీమ్ వాటంతటవే పెరుగుతాయి. ఇల్లు కట్టేశాం, గది ఉంది, మెహమాన్‌ను పిలవడం మర్చిపోయాం.

పని ఆసాన్ అని అబద్ధం చెప్పను. గాలి లేని తొట్టిలోకి నైట్రేట్ వస్తే ఆట చెడుతుంది. మన ఎండలకు ఫాస్ఫరస్ ముట్టకుండా ఆమ్లాలు మాత్రం తినిపోయే ముఫ్త్‌ఖోర్ జరాసీమ్ బలపడొచ్చు. బురదను బయటికి పంపకుండా నిల్వ ఉంచితే మింగిందంతా కక్కేస్తాయి. జాగ్రత్త తెలిసిన ఆపరేటర్ కావాలి, అతనికి నెలనెలా తన్ఖా అందాలి. పటిక, ఫెర్రిక్ క్లోరైడ్ పోసి కూడా ఫాస్ఫరస్‌ను దించొచ్చు. కానీ ఆ మందు రోజూ కొనాలి, బురద ఇంకా పెరుగుతుంది. పైగా ప్లాంటు దాకా రాని నాలాల సంగతి వేరే ఉంది.

ఇంకో మాట. తాలాబ్‌లో జరాసీమ్ పొడి చల్లితే నీళ్లు సాఫ్ అవుతాయని చెప్పి టెండర్లు పిలిచే రివాజ్ ఒకటి వచ్చింది. వాసనకు అది పనికొస్తుందేమో. ఫాస్ఫరస్‌కు మాత్రం కాదు. తాలాబ్‌లోనే తిని, తాలాబ్‌లోనే చచ్చే జరాసీమ్ దాన్ని ఎక్కడికి మోసుకుపోతాయి? ఆ ఖర్చును మొహల్లావాళ్లు తప్పక ప్రశ్నించాలి.

డీఏపీ బస్తా కోసం రైతులు చెప్పులు వరసలో పెట్టి ఎదురుచూసే ఫొటోలు నేను ఎన్నో పేజీల్లో వేశాను. ఆ బస్తాలోని ఫాస్ఫరస్‌కు మనం ఎక్కువగా బయటి దేశాల మీదే ఆధారపడతాం. ప్రపంచంలోని ఫాస్ఫేట్ రాతి నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో చేతిలో ఉన్నాయి. ఓడలెక్కి వచ్చిన ఆ దౌలత్ పొలానికి, పొలం నుంచి దస్తర్‌ఖాన్‌కు, అక్కడి నుంచి మా తాలాబ్‌కు చేరి నాచు అవుతోంది. ఈ జరాసీమ్ బురద నుంచి దాన్ని స్ట్రువైట్ అనే ఎరువు గింజలుగా వెనక్కి తీసే ప్లాంట్లు బయటి దేశాల్లో నడుస్తున్నాయి.

ఈ వారం ఆర్‌టీఐ కింద అర్జీ పెడుతున్నాను. తెలుగులో సవాల్ అంటే తొడ కొట్టడం, మనకు ఉర్దూలో ఉత్త ప్రశ్న. నావి రెండే సవాళ్లు, ఏ అర్థంలోనైనా తీసుకోవచ్చు. ఒకటి, ప్లాంటులోకి వచ్చే నీళ్లలో ఫాస్ఫరస్ ఎంత, బయటికి పోయే నీళ్లలో ఎంత? రెండు, తీసిన బురద ఎన్ని రోజులకోసారి ఎక్కడికి పోతోంది? మీ తాలాబ్ ఒడ్డున కూడా ప్లాంటు ఉంటే ఇవే రెండు రాసి పంపండి. అమ్మీ తన దస్తఖత్ కూడా పెడతానంది, ఉర్దూలో.