ఒక్క పొయ్యి చాలు మనకి

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

గ్రూపులో ఎప్పుడూ నోటిఫికేషన్లు, కటాఫ్‌లు, స్కాలర్‌షిప్పుల గురించే మాట్లాడుకుంటాం. అవి కావాలి, కాదనను. నేను మాత్రం ఈరోజు వంట గురించి రాస్తున్నా. నవ్వొద్దు. మనోళ్లు విశాఖలోనో హైదరాబాద్‌లోనో కోచింగ్‌కి చేరి, రెండు మూడు నెలలకే బ్యాగు సర్దుకుని కొండెక్కి వచ్చేయడం మీరందరూ చూసే ఉంటారు. సిలబస్ కష్టం అని చెప్తారు. కాస్త కదిపి అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది: డబ్బులు తిండికే అయిపోయాయి, కడుపు పాడయింది, నీరసం, చదువు ఎక్కలేదు.

లెక్క చూడండి. మా కాలేజీ దగ్గర మెస్సులో ప్లేటు భోజనం 80 రూపాయలు. రెండు పూటలకి నెలకి 4,800. టిఫిన్, టీ వేరే. పోడు మీద, కాఫీ గింజల మీద బతికే ఇంటి నుంచి ఇంత ఎవరు పంపగలరు? అందుకే మనోడు ఒక పూట తిని, రెండో పూట నూడిల్స్ ప్యాకెట్‌తోనో బన్ను, టీతోనో సరిపెట్టుకుంటాడు.

వండుకోవచ్చు కదా అంటారు. ఎలా వండుకుంటాం? మూడో క్లాసులో ఆశ్రమ పాఠశాలకి వచ్చిన దగ్గర్నుంచి బెల్లు కొడితే ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడటమే మనకి తెలుసు. ఆ అన్నం వల్లే ఇంతదాకా చదివాం, అది మర్చిపోకూడదు. కానీ అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చూసి నేర్చుకునే వయసంతా హాస్టల్లోనే గడిచిపోయింది. సెలవులకి ఇంటికెళ్తే అమ్మ మనల్ని చుట్టంలా చూస్తుంది, గరిట ముట్టనివ్వదు. మన ఇళ్లలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం మనమే. వంట రాకుండా పెరిగిందీ మన తరమే.

యూట్యూబ్ చూస్తే భయమేస్తుంది. నాలుగు పొయ్యిల స్టవ్వు, మిక్సీ, ఫ్రిజ్, పద్నాలుగు రకాల మసాలాలు. మన రూములో ఉండేది ఒక్క పొయ్యి. కానీ ఆలోచించండి, మన ఇళ్లలో మాత్రం ఎన్ని పొయ్యిలున్నాయి? అమ్మ ఒక్క పొయ్యి మీదే పదిమందికి వండుతుంది. అంబలి, గంజన్నం, ఆకుకూర పప్పు, ఎండు చేపల పులుసు అన్నీ ఒక్క మంట మీద, ఒక్కో కుండలో అయిపోయేవే. ఈ విషయంలో సిటీ వాళ్లకంటే మనమే ముందున్నాం అంటాను నేను.

ఇక పని మాట. ఇంటి నుంచి సిల్వర్ గిన్నెలు మోసుకెళ్లే ముందు పొయ్యి ఏదో తేల్చుకోండి. ఇండక్షన్ మీద సిల్వర్ గిన్నె అసలు వేడెక్కదు. గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటేనే పనికొస్తుంది. ఓనరు కరెంటు బిల్లని గోల పెడితే లెక్క చెప్పండి: 2000 వాట్ల పొయ్యి అరగంట పూర్తిగా మండితే ఒక యూనిట్. దాన్ని సన్న ఎక్స్‌టెన్షన్ వైరుకి మాత్రం తగిలించొద్దు, వైరు కాలుతుంది. గ్యాసైతే 5 కిలోల చిన్న సిలిండర్ ఉంది, అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు. కిటికీ తెరిచి వండాలి, రాత్రి రెగ్యులేటర్ కట్టేయాలి. మూడు లీటర్ల కుక్కరు ఒకటి, మూకుడు ఒకటి, గిన్నె ఒకటి ఉంటే సంసారం మొదలైనట్టే.

మొదటి నెలకి పులగం ఒక్కటి నేర్చుకుంటే చాలు. గ్లాసు బియ్యం, పావు గ్లాసు పెసరపప్పు, మూడున్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు, పసుపు, దొరికిన ఆకుకూర. మూడు విజిల్స్. ఆవిరి దానంతట అది దిగేదాకా మూత తియ్యొద్దు, గరిటతో పొడవొద్దు. మునగాకు ఎవరింటి ముందు చెట్టున్నా అడిగితే ఇస్తారు. అన్నం, కూర విడివిడిగా కావాలంటే ముందు అన్నం వండి, గిన్నెని పాత దుప్పట్లో చుట్టి పక్కన పెట్టండి. కూర అయ్యేదాకా వేడిగానే ఉంటుంది. ఒక్క పొయ్యి వంటలో ఉన్న కిటుకంతా ఇదే, ఏది ముందు, ఏది తర్వాత అని.

మన చింతపల్లి వైపు రాజ్మా ఉంది కదా, సంతలో మూటలు కట్టి పంపించేస్తాం, మనం తినం. చౌకగా మాంసకృత్తులు కావాలంటే అదే. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కుక్కర్లో మెత్తగా ఉడకాలి. ఇందులో అశ్రద్ధ వద్దు. సగం ఉడికిన రాజ్మా తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. అందులో ఉండే విషపదార్థం కనీసం పది నిమిషాలు తెర్లితేనే పోతుంది.

పొద్దున్నకి అంబలి. రాత్రి రెండు గరిటెల చోడి పిండి నీళ్లలో జారుగా కలిపి మూతపెట్టి వదిలేయండి. పొద్దున గుప్పెడు నూకలు ఉడికించి, పులిసిన పిండి పోసి, సన్న సెగ మీద పది నిమిషాలు కలుపుతూ ఉంటే అయిపోయింది. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో పది దాకా ఉంటే ఎక్కువ. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. బీచ్ రోడ్డుకి వాకింగ్‌కి వచ్చేవాళ్లు గ్లాసుకి డబ్బులిచ్చి మరీ తాగుతున్నారు. మనం మాత్రం రూమ్మేట్ చూస్తాడేమో అని గోడవైపు తిరిగి తాగుతున్నాం. ఏటి సిగ్గు మనకి?

ఎండు నెత్తళ్ల విషయంలో గొడవ వేరు. వాసన వస్తుందని రూము ఖాళీ చేయమన్న ఓనర్లు ఉన్నారు. కొందరు రూము ఇచ్చే ముందే "మీరేం తింటారు" అని అడుగుతారు, ఎందుకు అడుగుతున్నారో మనకి తెలుసు. దీని మీద విడిగా రాయాలి.

ఇప్పుడు తమ్ముళ్లకి, అన్నలకి ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. సిటీలో మన అక్కలు, చెల్లెళ్లు నలుగురు కలిసి రూము తీసుకుంటే ఏమవుతోంది? ఆదివారం వచ్చేసరికి చుట్టరికం చెప్పుకుని నలుగురు అబ్బాయిలు టిఫిన్ డబ్బాలతో గుమ్మం ముందు ఉంటారు. వాళ్లకి మాత్రం సోమవారం టెస్టు ఉండదా? వాళ్లూ మనలాగే మూడో క్లాసులోనే హాస్టల్‌కి వచ్చారు, పుట్టుకతో వంట రాలేదు. అక్కడికొచ్చి కష్టపడి నేర్చుకున్నారు. "చదువుకోడానికొచ్చామా, వండుకోడానికొచ్చామా" అనే అన్నయ్యలు, తిన్నాక కనీసం గిన్నెలైనా కడిగి వెళ్లండి.

నా ప్రతిపాదన ఇది. డిగ్రీ ఫైనలియర్ వాళ్లు ఈ వేసవి సెలవుల్లో ఇంటికెళ్లాక వారం రోజులు అమ్మ వద్దన్నా పొయ్యి దగ్గర కూర్చోండి. పులగం, ఆకుకూర పప్పు, అంబలి, ఈ మూడూ మీ చేత్తో వండి ఇంట్లోవాళ్లకి పెట్టండి. ఇప్పటికే సిటీలో ఉన్న సీనియర్లు కొత్తగా వచ్చిన తమ్ముడిని మొదటి ఆదివారం మీ రూముకి పిలవండి. భోజనం పెట్టి పంపేయకండి, బియ్యం కడగడం దగ్గర్నుంచి వాడి చేతే చేయించండి. జూన్‌లో విశాఖ వచ్చేవాళ్లెవరైనా ఉంటే నాకు చెప్పండి, మా హాస్టల్ దగ్గర ఒక సీనియర్ రూములో ఇండక్షన్ ఉంది. చోడి పిండి మీరే తెచ్చుకోవాలి.