ఆమె ఎందుకలా చేసింది?

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురు తన స్నేహితుల్ని నలుగురిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. రాత్రి భోజనాల దగ్గర వాళ్ళ మధ్య పెద్ద వాదన లేచింది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్ 2019లోనే ముగిసినా దాని మీద గొడవ మాత్రం ముగియలేదు. "తండ్రి తల తెగడానికి కారణం సాన్సాయే. ఆ పిల్ల నోరు మూసుకుని వుంటే ఏమీ జరిగేది కాదు" అన్నాడొక కుర్రాడు. "జేమీని అలా తీసిపారెయ్యకూడదు. అతనలా ఎందుకు చేశాడో అర్థం చేసుకోవాలి" అన్నాడింకొకడు. కూర వడ్డిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. సోషియాలజీ పరిశోధన పేరుతో ఏళ్ళ తరబడి అత్యాచార కేసుల తీర్పులు తిరగేసినదాన్ని. ఈ రెండు మాటలూ ఇలా పక్కపక్కనే నేను చాలాసార్లు చదివాను.

డ్రాగన్ల కథ మీద పిల్లలు వాదించుకుంటే హక్కుల పత్రికలో దానికి చోటెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన సినిమాల మీద, సీరియళ్ళ మీద రాసినప్పుడూ ఈ ప్రశ్నే వచ్చింది. కోట్లమంది చూసే కథలో ఎవరి తప్పుకు కారణం వెతుకుతారు, ఎవరి తప్పుకు శిక్ష వెతుకుతారు అన్నది కాలక్షేపం కబురు కాదు. అది న్యాయం గురించి ఒక సమాజానికున్న అవగాహన.

చూడనివారి కోసం నాలుగు మాటలు. అమెరికన్ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' పేరుతో రాస్తున్న నవలల వరుసలో మొదటిది 1996లో, అయిదవది 2011లో వచ్చాయి. అదే 2011లో హెచ్.బి.ఓ. సంస్థ దాన్ని టీవీ సీరియల్‌గా మొదలుపెట్టి, 2019 వరకు ఎనిమిది సీజన్లలో 73 ఎపిసోడ్లు ప్రసారం చేసింది. ఒక సింహాసనం కోసం రాజవంశాలు కొట్టుకు చావడం ఇందులో కథ. మన దగ్గర కూడా ఇంగ్లీషు చదువులు చదివిన పిల్లలు దీన్ని విరగబడి చూశారు. పాత్రల 'మోటివేషన్' గురించి వాళ్ళ వాదనలకు అంతులేదు.

మొదట సాన్సా సంగతి చూద్దాం. నవలలో ఆమెకు పదకొండేళ్ళు. తండ్రి నెడ్ తమను రాజధాని నుంచి ఇంటికి పంపించబోతున్నాడన్న మాట రాణి సెర్సీకి చెబుతుంది. రాకుమారుణ్ణి పెళ్ళాడాలని పెద్దవాళ్ళే ఆ పిల్ల మనసులో నాటిన ఆశ అలా చేయించింది. అంతకుముందే తండ్రి తనంతట తానే సెర్సీ దగ్గరకు వెళ్ళి, నీ రహస్యం నాకు తెలిసిపోయింది, రాజుకు చెప్పబోతున్నాను, పిల్లల్ని తీసుకుని పారిపొమ్మని హెచ్చరించి వచ్చాడు. రాజ్యంలో రెండో స్థానంలో వున్న మగవాడు శత్రువుకు తన ఎత్తు చెప్పేస్తే అది దయ, ధర్మం. మహా అయితే అమాయకత్వం. పదకొండేళ్ళ పిల్ల చెబితే ద్రోహం!

ఇక జేమీ. సెర్సీకి కవల సోదరుడు, ప్రియుడు కూడా. ఆ రహస్యాన్ని కళ్ళారా చూసిన ఏడేళ్ళ బ్రాన్‌ను కిటికీలోంచి తోసేస్తాడు. పిల్లవాడి కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడిపోతాయి. ఇతని మనసులోకి వెళ్ళడానికి అభిమానులు పడే శ్రమ ఇంతా అంతా కాదు. పిచ్చి రాజు నగరాన్ని కాల్చెయ్యబోతుంటే చంపింది ఇతనే కదా, చెయ్యి పోగొట్టుకున్నాడు కదా, ప్రేమ కోసమే కదా అంటారు. ఇవన్నీ కథలో వున్నవే, నేను కాదనను. ఒక మనిషిని అతని చెడ్డ పనితోనే కొలవకూడదన్న మాటా మంచిదే. కానీ ఆ ఔదార్యం పసిపిల్లను చంపబోయినవాడికి దొరికి, పసితనంలో నోరు జారిన పిల్లకు ఎందుకు దొరకదు?

సాన్సా తల్లి కేట్లిన్‌ది మరో ఉదాహరణ. యుద్ధం నుంచి తిరిగొస్తూ భర్త ఒక పసివాణ్ణి తెచ్చి, నా కొడుకే అంటాడు. తల్లి ఎవరో చెప్పడు, అడగనివ్వడు. ఆ జాన్ స్నో నిజానికి నెడ్ చెల్లెలి కొడుకని సీరియల్ 2016లో బయటపెట్టింది. అన్నేళ్ళూ భార్యతో అబద్ధమాడింది నెడ్. ఆ పిల్లవాడికి ప్రేమ పంచలేదన్న నింద మాత్రం కేట్లిన్‌ది. తెచ్చినవాణ్ణి వదిలేసి సవతితల్లిని ఆడిపోసుకోవడం మనకేమైనా కొత్తా?

నవల టీవీకి మారినప్పుడు ఈ పక్షపాతానికి కొత్త కోరలు మొలిచాయి. నవలల్లో ఒక్కో అధ్యాయం ఒక్కో పాత్ర కళ్ళతో నడుస్తుంది. చనిపోయిన కొడుకు శవం పక్కన జేమీ సెర్సీని కలిసే సన్నివేశం, 2000లో వచ్చిన మూడో నవలలో, జేమీ చూపులోనే వుంది. ఆమె మొదట వద్దని, తర్వాత ఒప్పుకుందని మనకు చెబుతున్నది అతను. సెర్సీకి తన అధ్యాయాలు 2005లో నాలుగో నవలలో గానీ దక్కలేదు. 2014లో టీవీలో వచ్చిన సన్నివేశంలో ఆమె వద్దు, ఆపమంటూనే వుంటుంది, అతను ఆగడు. చూసినవాళ్ళు దాన్ని అత్యాచారమన్నారు. చివరికొచ్చేసరికి అది సమ్మతితో జరిగినట్టేనని ఆ ఎపిసోడ్ దర్శకుడు అలెక్స్ గ్రేవ్స్ చెప్పుకొచ్చాడు. వద్దన్న మాట ఎన్నిసార్లు అంటే వద్దని అర్థం?

నవలే మేలు అనేవాళ్ళకూ ఒక మాట చెప్పాలి. డెనేరిస్ పెళ్ళిరాత్రిని టీవీ బలాత్కారంగా చూపించింది. నవలలో డ్రోగో ఆమె అంగీకారం కోసం ఆగుతాడు, అందుకని అది ప్రేమకథ అంటారు. నవలలో ఆమెకు పదమూడేళ్ళు. సైన్యం కోసం అన్న ఆమెను అమ్మేశాడు. అమ్ముడుపోయిన పదమూడేళ్ళ పిల్ల 'ఊ' అంటే అది సమ్మతా? బాల్యవివాహాలకు వ్యతిరేకంగా పనిచేసినవాళ్ళం, ఈ 'ఊ' ఎలా పుడుతుందో మనకు తెలుసు.

2015లో అయిదో సీజన్‌లో జరిగింది అన్నిటికన్నా ఘోరం. నవలలో క్రూరుడు రామ్సేకి కట్టబెట్టేది సాన్సా స్నేహితురాలు జేన్ పూల్‌ని. సీరియల్ వాళ్ళు జేన్‌ని తీసేసి ఆ స్థానంలో సాన్సాను పెట్టారు. పెళ్ళిరాత్రి బలాత్కారం సాగుతుండగా కెమెరా ఆమెను వదిలి, పక్కన నిలబడి చూడాల్సివచ్చిన థియాన్ ముఖం మీదికి వెళ్ళింది. ఆమె బాధ అతని పరివర్తనకు ముడిసరుకైంది. క్లేర్ మెకాస్కిల్ అనే అమెరికన్ సెనేటర్ ఇక ఈ సీరియల్ చూడనని ప్రకటించింది. సాన్సా ఆ పెళ్ళికి ఎందుకు ఒప్పుకుంది, అది ఆమె స్వభావానికి అతుకుతుందా అని అభిమానులు తెగ చర్చించారు. ఆమె ఒప్పుకోలేదు, రాసినవాళ్ళు ఒప్పించారు.

2019లో అదే సాన్సా చేత, రామ్సే లాంటివాళ్ళు లేకపోతే తానింకా చిన్న పిట్టలాగే మిగిలిపోయేదాన్నన్న అర్థం వచ్చే మాట పలికించారు. ఒక స్త్రీని బలవంతురాల్ని చెయ్యడానికి అత్యాచారం పనిముట్టు కాదని నటి జెస్సికా చాస్టెయిన్ నిరసించింది. అత్యాచారం నుంచి బతికి బట్టకట్టిన స్త్రీల బలం వాళ్ళది. దాన్ని అత్యాచారి ఇచ్చిన వరంగా చూపడం కన్నా అవమానం వుందా?

దీనంతటికీ ఇచ్చే సమాధానం ఒకటే. మధ్యయుగాల్లో అలాగే వుండేది కదా! డ్రాగన్లు ఎగిరే లోకంలో, శవాలు లేచి నడిచే లోకంలో, అన్నీ కల్పించగలిగినవాళ్ళు ఇదొక్కటీ చరిత్రకు వదిలేశారట. అంత దూరం ఎందుకు? 1972లో మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన మధుర కేసులో, ఒంటి మీద గాయాల్లేవు, ప్రతిఘటించిన గుర్తుల్లేవంటూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసుల్నీ వదిలేసింది. ఆ తీర్పుపై 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ, వీధుల్లోకొచ్చిన మహిళా సంఘాల ఉద్యమం కలిసి 1983లో చట్టాన్ని మార్పించాయి. ఎందుకు అరవలేదు, ఎందుకు వెళ్ళింది అని ఆనాడు మధురను అడిగారు. ఈనాడు సాన్సాను అడుగుతున్నారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ కూడా, పద్దెనిమిదేళ్ళు నిండిన భార్యపై భర్త చేసే బలాత్కారాన్ని అత్యాచారం కాదనే మినహాయింపును అలాగే వుంచింది. రామ్సే మన చట్టం ముందు నిలబడితే ఆ రాత్రికి అతని మీద అత్యాచారం కేసే నిలవకపోవచ్చు!

ఇక ముగింపు గొడవ. 2019 మేలో, లొంగిపోయామంటూ గంటలు మోగాక కూడా డెనేరిస్ డ్రాగన్ మీదెక్కి నగరాన్ని కాల్చేస్తుంది. అది మారణకాండే, ఆడది చేసింది కాబట్టి నేను దాన్ని వెనకేసుకురాను. కానీ అదే నగరాన్ని అంతకుముందు దోచి రక్తంలో ముంచినవాడు జేమీ తండ్రి టైవిన్. అతన్ని అభిమానులు రాజనీతిజ్ఞుడంటారు. ఆమెది మాత్రం పిచ్చి, వంశపారంపర్యంగా వచ్చిన పిచ్చి. ఎనిమిదో సీజన్‌ను మళ్ళీ తియ్యాలంటూ పదిహేను లక్షల మందికి పైగా ఒక వినతిపత్రం మీద సంతకాలు చేశారు. కథ అతకలేదన్న వాళ్ళ కోపం సబబే. అయితే ఆ కథ ఎవరు రాశారు? 73 ఎపిసోడ్లలో స్త్రీల పేరు రచయితలుగా కనిపించేవి నాలుగు, స్త్రీ దర్శకత్వం వహించినవి నాలుగు. చివరి నాలుగు సీజన్లలో రచనలో గానీ దర్శకత్వంలో గానీ ఒక్క స్త్రీ పేరూ లేదు. స్త్రీ రాస్తే చాలు అన్నీ సరిపోతాయని నేననను, పితృస్వామ్య భావజాలం మనలోనూ వుంది. కానీ ఆ గదిలో ఒక్క స్త్రీ కూడా లేనప్పుడు, ఈ పెళ్ళిరాత్రి కథకు ఎందుకు అవసరమని ఎవరు అడుగుతారు?

పాత్రకు ఉద్దేశాలుండవు. పాత్రను నడిపించినవాళ్ళకు వుంటాయి, చూసి తీర్పు చెప్పేవాళ్ళకు వుంటాయి. మనం నిలదీయాల్సింది వాళ్ళని, అందులో భాగంగా మనల్ని కూడా. చూడటం మానెయ్యమని పిల్లలకు నేను చెప్పను. పాత్ర మనసులోకి వెళ్ళి ఆలోచించడం మంచి అలవాటు. ఆ అలవాటును జేమీకిచ్చినంత ఉదారంగా సాన్సాకూ ఇమ్మని, ఇవ్వలేకపోతున్నది ఎందుకో తమను తాము ప్రశ్నించుకొమ్మని మాత్రం అడుగుతాను.

ఆ రాత్రి నేనీ మాటే అంటే, సాన్సాను తప్పుపట్టిన కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నెడ్‌ది తప్పంటారా ఆంటీ?" అన్నాడు. "నేను తప్పనలేదు నాయనా, ఆ అమ్మాయిని అడిగిన ప్రశ్నే ఆయన్నీ అడుగు" అన్నాను. మా అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "మరి మీ ఇంట్లో ఏదైనా జరిగితే ముందు ఎవర్ని అడుగుతారురా?" అంది. దానికి అక్కడ జవాబు రాలేదు. మనలో ప్రతి ఒక్కరం మన ఇళ్ళల్లో, మన కోర్టుల్లో, మన సంఘాల్లో ఆ జవాబు చెప్పక తప్పదు.