గోల్స్ సంగీతవి, భరోసా ఎవరిది?

2025 జూలై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య జట్టును 2-1 తేడాతో ఓడించింది. ఆ గెలుపుతో 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో జరిగే ఆసియా కప్‌కు అర్హత దక్కింది. క్వాలిఫయర్ పోటీలు ఆడి గెలిచి మన మహిళలు ఆసియా కప్‌కు వెళ్లడం ఇదే మొదటిసారి. ఆ మ్యాచ్‌లో మనవాళ్లు కొట్టిన రెండు గోల్సూ ఒక్కరివే. ఆమె పేరు సంగీత బాస్‌ఫోర్. పశ్చిమ బెంగాల్ నదియా జిల్లాలోని కల్యాణి నుంచి వచ్చిన మిడ్‌ఫీల్డర్.

మర్నాడు పేపర్లన్నీ ఆమె గోల్స్ గురించి రాశాయి. ఆమె ఇంటిపేరు గురించి రాసినవి తక్కువ. బాస్‌ఫోర్ అనే మాట వెదురు పనితో వచ్చింది. వెదురు చీల్చి బుట్టలు, చేటలు అల్లే సమాజం అది. పట్టణాలకు చేరాక ఆ సమాజంలో చాలామందిని మునిసిపాలిటీల పారిశుద్ధ్య పనిలోకి నెట్టారు. బిహార్, ఉత్తరప్రదేశ్, అస్సాం షెడ్యూల్డ్ కులాల జాబితాల్లో ఈ సమాజం పేరు ఉంది. ఆ ఇంటిపేరు జెర్సీ వీపు మీద ఉండగా దేశాన్ని ఆసియా కప్‌కు తీసుకెళ్లిన ఆటగత్తె గురించి మాట్లాడేటప్పుడు ఆటను, కులాన్ని విడదీసి చూడలేం.

"బంతికి కులం ఉంటుందా?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బంతికి ఉండదు. చూసేవాళ్లకు ఉంటుంది. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి భారత మహిళా హాకీ క్రీడాకారిణి అయింది వందనా కటారియా. కొద్ది రోజులకే సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో మన జట్టు ఓడింది. వెంటనే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు కులం పేరుతో తిట్లు వినిపించాయి. గెలిచిన రోజున దేశం బిడ్డ, ఓడిన రోజున కులం బిడ్డ. కాబట్టి సంగీత గెలిచిన రోజునే ఆమె సమాజం పేరు చెప్పుకోవాలి. అక్కడితో ఆగకుండా, ఆమెను అంతదాకా నిలబెట్టిన వ్యవస్థ ఏమిటో కూడా చూడాలి.

క్లబ్బు కెరీర్ ఎలా నడిచింది?

యూరప్‌లో ఒక మిడ్‌ఫీల్డర్ క్లబ్బు కెరీర్ అంటే బాల్యంలో అకాడమీ, పద్దెనిమిదేళ్లకు కాంట్రాక్టు, ఆపైన ఒక క్లబ్బు నుంచి మరో క్లబ్బుకు బదిలీలు. మన దేశంలో మహిళలకు అలాంటి దారి నిన్నమొన్నటి వరకు లేదు. ఇండియన్ విమెన్స్ లీగ్ మొదలైందే 2017లో. చాలా ఏళ్లు అది ఒకే ఊళ్లో కొన్ని వారాల్లో ముగిసే టోర్నమెంటులా సాగింది. సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివాళ్ల మైదానంలో ఒకసారి ఆడే పద్ధతి 2023-24లోగానీ రాలేదు.

అలాంటి కాలంలో సంగీతకు ఆధారమైంది సశస్త్ర సీమా బల్, అంటే నేపాల్, భూటాన్ సరిహద్దులను కాసే కేంద్ర బలగం. అందులో ఆమెది ఉద్యోగం. ఆ బలగం మహిళల ఫుట్‌బాల్ జట్టు 2021-22 విమెన్స్ లీగ్‌లో కూడా ఆడింది. ఆ తర్వాత ఆమె ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకుంది. 2024-25లో ఆ క్లబ్బు తొలిసారి విమెన్స్ లీగ్ గెలిచింది. 2025 నవంబరులో చైనాలోని వూహాన్‌లో ఆసియా మహిళల ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశలో ఇరాన్ క్లబ్బు బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించింది.

పైకి చూస్తే ఇది క్లబ్బు విజయగాథ. లెక్కలు చూస్తే వేరే కథ కనిపిస్తుంది. 2024-25 లీగ్‌లో ఉన్నవి 8 క్లబ్బులు. ఒక్కో క్లబ్బుకు 14 మ్యాచ్‌లు. జనవరిలో మొదలై ఏప్రిల్‌లో ముగిసింది. మిగతా ఎనిమిది నెలలు ఏం తిని బతకాలి? 2023లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఒక నిబంధన తెచ్చింది. లీగ్‌లోని ప్రతి క్లబ్బు కనీసం 10 మంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలి. మంచి అడుగే. కానీ నెలకు లెక్క వేస్తే అది 27 వేల లోపు. ఎనిమిది క్లబ్బులకూ కలిపి ఈ హామీ కిందికి తప్పనిసరిగా వచ్చేది 80 మంది. ఇంత పెద్ద దేశంలో ఎనభై మంది! పదకొండో క్రీడాకారిణికి, బెంచీ మీద కూర్చునే పద్దెనిమిదేళ్ల పిల్లకు, కింది డివిజన్‌లో ఆడేవాళ్లకు ఆ హామీ లేదు.

తండ్రికి వ్యాపారమో, భూమో ఉన్న పిల్ల ఈ ఎనిమిది నెలలూ ఆగగలదు. మోకాలికి దెబ్బ తగిలి ఏడాది ఆటకు దూరమైనా ఇల్లు గడుస్తుంది. రోజు కూలీ మీదో, కాంట్రాక్టు పారిశుద్ధ్య పని మీదో నడిచే ఇంటి పిల్ల ఆగలేదు. ఆమె ఆటను వదిలేయడానికి ప్రతిభ లేకపోవడం కారణం కానక్కర్లేదు. మే నెలలో జీతం రాకపోతే చాలు. దళిత, ఆదివాసీ ఇళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకు బలగాల జట్లు, పోలీసు జట్లు, రైల్వే జట్లు ముఖ్యమైంది ఇందుకే. అక్కడ పన్నెండు నెలలూ జీతం ఉంటుంది. గాయమైతే వైద్యం ఉంటుంది. బూట్లు విప్పాక కూడా కొలువు ఉంటుంది.

ప్రైవేటు మైదానం, ప్రభుత్వ కొలువు

ఈ కొలువు వ్యవస్థలో ఇబ్బందులు లేవని కాదు. శాఖ అనుమతి లేకుండా బయటి క్లబ్బుకు ఆడలేరు. క్రీడాకారిణి పక్కా వృత్తి ఆటగత్తెగా మారడానికి అది కొన్నిసార్లు అడ్డమే. అయితే ఈ వ్యవస్థ పోవాలని వాదించేవాళ్లు దాని స్థానంలో ఏం పెడతారో చెప్పాలి. ప్రైవేటు క్లబ్బుల నిలకడ ఎంతో 2025లో చూశాం. వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక 2025 జూలైలో పురుషుల ఇండియన్ సూపర్ లీగ్ నిలిచిపోయింది. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. కోట్ల కాంట్రాక్టులున్న లీగ్ పరిస్థితే అదైతే, లక్షల్లో నడిచే మహిళల లీగ్ సంగతి వేరే చెప్పాలా?

తెలుగు నేలకు ఈ పాఠం ఇంకా దగ్గరగా తగిలింది. 2021-22లో సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్లకే జీతాలివ్వలేని స్థితికి చేరింది. చేతులు మారింది. 2025 అక్టోబరులో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. మహిళల లీగ్‌లోనైతే 2024-25లో ఆడిన ఎనిమిది క్లబ్బుల్లో రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కటీ లేదు. ఈస్ట్ బెంగాల్‌లో సంగీతతో కలిసి ఆడిన గుగులోత్ సౌమ్య మన నిజామాబాద్ జిల్లా లంబాడా బిడ్డ. క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. 2024-25కు సమాఖ్య ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. అంతటి ఆటగత్తె సొంత రాష్ట్రంలోని క్లబ్బుకు ఆడదామన్నా లీగ్‌లో ఆ క్లబ్బే లేదు.

ప్రభుత్వ సంస్థ తలుపు తెరిస్తే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2014 మే 25న గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఒకరు ఆదివాసీ, ఒకరు దళితుడు. ఆ శిక్షణ ఖర్చు ఆ కుటుంబాలు పెట్టుకోగలిగేది కాదు. ప్రభుత్వ సాంఘిక సంక్షేమ వ్యవస్థ పెట్టింది.

రాజ్యాంగం ఇచ్చిన రిజర్వేషన్ విద్యలో, ప్రభుత్వ ఉద్యోగంలో వర్తిస్తుంది. ప్రైవేటు క్లబ్బు గేటు దగ్గర అది ఆగిపోతుంది. కాబట్టి ఆట మొత్తం ప్రైవేటు చేతుల్లోకి పోవడం మనకు ఆట సమస్య మాత్రమే కాదు, సామాజిక న్యాయం సమస్య. పైగా క్లబ్బులు, అకాడమీలు, సమాఖ్యలు తమ దగ్గర ఎంతమంది దళితులు, ఆదివాసీలు ఉన్నారో లెక్క చెప్పవు. ఆటగాళ్లలోనే కాదు, కోచ్‌లలో, సెలెక్టర్లలో, కార్యవర్గాల్లో కూడా. పల్వంకర్ బాలూ కాలం నుంచి ఇదే తీరు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వికెట్లు తీసే పని అతనికిచ్చారు. హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం ఇవ్వలేదు. తమ్ముడు విఠల్ చేతికి అది రావడానికి 1923 దాకా పట్టింది.

ఏం అడగాలి?

థాయ్‌లాండ్ మీద గెలిచాక జట్టుకు సమాఖ్య 50 వేల డాలర్ల బహుమతి ప్రకటించింది. బహుమతి ఒక్కసారి వస్తుంది, అద్దె ప్రతి నెలా కట్టాలి. విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు అడగాల్సినవి కొన్ని స్పష్టంగా ఉన్నాయి. విమెన్స్ లీగ్‌లో కనీస వేతనం జట్టులోని ప్రతి ఒక్కరికీ, పన్నెండు నెలలకూ వర్తించాలి. గాయపడిన కాలానికి వేతనం, వైద్యం కాంట్రాక్టులోనే రాయాలి. బలగాల్లో, రైల్వేల్లో, రాష్ట్ర పోలీసుల్లో మహిళా ఫుట్‌బాలర్లకు క్రీడా కోటా నియామకాలు ఏటా జరగాలి. తెలంగాణ కులసర్వే చేసిన ప్రభుత్వం క్రీడా పాఠశాలల్లో, అకాడమీల్లో, రాష్ట్ర జట్లలో కులాల వారీ లెక్కలు కూడా ప్రకటించాలి. రెండు తెలుగు రాష్ట్రాల గురుకులాల్లో బాలికల ఫుట్‌బాల్‌కు కోచ్‌లను కాంట్రాక్టు మీద కాకుండా శాశ్వతంగా నియమించాలి.

సంగీత గోల్స్ చూసి కల్యాణిలోనో, నిజామాబాద్ తండాలోనో బంతి పట్టుకున్న పదేళ్ల పిల్ల ఇంకో ఎనిమిదేళ్లకు క్లబ్బు గడప దాకా వస్తుంది. ఆమె సంతకం పెట్టే కాంట్రాక్టులో ఎన్ని నెలల జీతం రాసి ఉంటుందన్నది ఇప్పుడు మనం అడిగేదాన్ని బట్టి ఉంటుంది.