మీటరు అబద్ధం చెప్పదు, మనమే చెప్పిస్తాం

మనవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు కొనేటప్పుడు అడిగే ప్రశ్నలు రెండే రెండు. "ఎంత తిరిగింది?" "ఎంత ఇస్తుంది?" అంతే, మూడో ప్రశ్న ఉండదు. ఈ రెండిటికీ నచ్చిన జవాబు వస్తే బేరం మొదలు, లేకపోతే పక్క బండి దగ్గరికి నడక. ఆల్టో అయినా, వ్యాగన్ ఆర్ అయినా, పాత శాంత్రో అయినా, ఐ10 అయినా ఇదే తంతు.

నా గొడవ ఏంటంటే, సెకండ్ హ్యాండ్ బజారు మొత్తంలో అతి సులువుగా అబద్ధం ఆడగలిగే అంకెలు సరిగ్గా ఈ రెండే. మనం ఏరి కోరి వాటినే అడుగుతున్నాం. తర్వాత "బ్రోకరు మోసం చేశాడండీ" అని ఏడుస్తున్నాం. మోసం చేసినవాణ్ణి నేను వెనకేసుకు రావట్లేదు. కానీ వాడికి ఏ అబద్ధం ఆడితే డబ్బులొస్తాయో రోజూ నేర్పిస్తున్నది మనమే కదా!

ముందు "ఎంత ఇస్తుంది" సంగతి చూద్దాం.

2012లో ఆల్టో 800 వచ్చినప్పుడు కంపెనీ ప్రకటించిన మైలేజీ లీటరుకి 22.74 కిలోమీటర్లు. పాయింటు తర్వాత కూడా రెండంకెలు! అంత కచ్చితంగా చెప్తే నమ్మబుద్ధి కాదూ మరి. కానీ ఆ అంకె ఏ రోడ్డు మీదా పుట్టలేదు. లాబ్‌లో రోలర్ల మీద బండిని నిలబెట్టి, ముందే రాసిపెట్టుకున్న వేగాల పట్టిక ప్రకారం నడిపి తీసిన లెక్క అది. ఆ పట్టికలో అత్యధిక వేగం గంటకి 90. ఏసీ ఆపేసి చేసిన పరీక్ష. మే నెల మధ్యాహ్నం ఏసీ ఆపేసి మాదాపూర్‌లో కారు నడిపేవాడు మీకెవరైనా తెలుసా? నాకైతే తెలీదు.

పరీక్ష పనికిరానిదని నేననట్లేదు. రెండు కార్లని ఒకే కొలబద్దతో పోల్చడానికి అది బాగా పనికొస్తుంది. మన భాషలో చెప్పాలంటే అది బెంచ్‌మార్క్, ప్రొడక్షన్ కాదు. బెంచ్‌మార్క్‌లో వచ్చిన రెస్పాన్స్ టైమ్‌ని క్లయింటుకి హామీ ఇచ్చే ఆర్కిటెక్టుని మనం ఏమంటాం? అదే తప్పు కారు కొనేటప్పుడు మాత్రం ఆనందంగా చేస్తాం. అమెరికాలో 2008 మోడల్ కార్ల నుంచి ఎక్కువ వేగం, ఏసీ, చలి వాతావరణం కూడా కలిపి అంకె లెక్కగట్టడం మొదలుపెట్టారు. చాలా కార్ల స్టిక్కర్ల మీద మైలేజీ తగ్గింది. కార్లు రాత్రికి రాత్రి చెడిపోలేదు, అంకె రోడ్డుకి కాస్త దగ్గరగా వచ్చింది, అంతే.

కంపెనీ లెక్క సరే, ఓనర్లు చెప్పేదో? అది ఇంకా చిత్రం. ఒకే మోడల్, ఒకే సంవత్సరం. ఒకాయన 20 ఇస్తుందంటాడు, ఇంకొకాయన 12 దాటట్లేదని తల పట్టుకుంటాడు. ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు. ఒకాయన వారానికోసారి విజయవాడ హైవే ఎక్కేవాడు, ఇంకొకాయన రోజూ నాలుగు కిలోమీటర్లు పోయి ఇంజను వేడెక్కేలోపే ఆపేసేవాడు. టైర్లలో గాలి, ఏసీ, సిగ్నళ్ల దగ్గర ఐడిలింగ్, వెనక సీట్లో ఎంతమంది, కాలు ఎంత బరువు... ఇవన్నీ కలిస్తే వచ్చే అంకె అది. అంటే "ఎంత ఇస్తుంది" అనేదానికి జవాబులో సగం కారు గురించి, సగం ఆ ఓనరు గురించి. మీరు కారు కొంటున్నారు, ఓనర్ని కాదు.

మా ఇంట్లో ఉన్నది 2013 మోడల్ వ్యాగన్ ఆర్, 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ప్రతిసారీ ఆటో కట్ అయ్యేదాకా ట్యాంకు నింపి, మీటరు రీడింగు, లీటర్లు రాసుకోవడం నాకలవాటు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ఆఫీసు చుట్టూ తిరిగిన ట్యాంకు 12.8 ఇచ్చింది. అదే కారు, అదే డ్రైవరు, సంక్రాంతికి ఊరెళ్లిన ట్యాంకు 18.6. ఇప్పుడు నేనీ కారు అమ్మాలనుకుంటే ఏ అంకె చెప్పాలి? 18.6 అన్నా అబద్ధం కాదు. అబద్ధం ఆడకుండానే మిమ్మల్ని బుట్టలో వెయ్యొచ్చు. అదీ ఆ ప్రశ్న విలువ.

"మధ్యతరగతి వాళ్లం, పెట్రోలు ఖర్చు చూసుకోవద్దా?" అని మీరు అడుగుతారని తెలుసు. చూసుకోవాలి, కానీ లెక్కేసి చూసుకోవాలి. ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరిగే మనిషిని తీసుకోండి. ఒక కారు 15 ఇస్తుంది, ఇంకోటి 18. మొదటిదానికి 533 లీటర్లు, రెండోదానికి 444. తేడా 89 లీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకుంటే ఏడాదికి సుమారు 9,800. నెలకి ఎనిమిది వందల చిల్లర. వదులుకోవాల్సిన డబ్బేం కాదు, ఒప్పుకుంటాను. కానీ అరిగిపోయిన క్లచ్చు, నాలుగు బోడి టైర్లు, చచ్చిపోతున్న బ్యాటరీ ఉన్న కారుని "18 ఇస్తుంది" అని కొంటే, ఆ 9,800 మొదటి నెలలోనే షెడ్డులో మెకానిక్ చేతిలో పోసి వస్తారు, ఇంకా పైన వేసి మరీ.

ఇందులోనే ఇంకో తిరకాసుంది. లీటరుకి కిలోమీటర్లు అనే కొలతే మన కళ్లు కప్పుతుంది. అదే 8,000 కిలోమీటర్లకి 10 ఇచ్చే కారు బదులు 12 ఇచ్చేది కొంటే 133 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చేదాని బదులు 22 ఇచ్చేది కొంటే మిగిలేది 36. రెండు చోట్లా తేడా "రెండు కిలోమీటర్లే". యూరప్ వాళ్లు 100 కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని లెక్కేస్తారు, అది సూటిగా ఉంటుంది. చిన్న కార్ల దగ్గర మనం ప్రాణం పెట్టి కొట్టుకునే 20కీ 22కీ మధ్య తేడా నిజానికి చాలా చిన్నది. రోజుకి వంద కిలోమీటర్లు తిరిగే క్యాబ్ డ్రైవరు లెక్క వేరు, అతనికి ప్రతి పాయింటూ ముఖ్యమే. మనం క్యాబ్ డ్రైవర్లం కాదు, శని ఆదివారాలు బండి తీసే బాపతు.

పెట్రోలు కూడా మారింది, అది మరిచిపోతున్నాం. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్‌లో ఉన్నదానిలో మూడింట రెండొంతులు. 20 శాతం ఇథనాల్ కలిపితే మైలేజీ తగ్గక తప్పదు. పాత పద్ధతిలో చేసిన నాలుగు చక్రాల బళ్లలో 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. కాబట్టి 2014లో ఎవరో 19 వచ్చిందని చెప్పినమాట పట్టుకుని, ఇప్పుడు అదే కారు 17 ఇస్తుంటే "ఇంజను పోయింది" అనుకోవడం అన్యాయం. పాత కారులో మీరు చూడాల్సింది ఆ అంకె కాదు, ఇంధనం పైపులు, రబ్బరు భాగాలు, గాస్కెట్లు ఏ స్థితిలో ఉన్నాయన్నది. ఈ మాట అడిగే కొనుగోలుదారుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇక రెండో ప్రశ్న, "ఎంత తిరిగింది".

డిజిటల్ మీటరు వచ్చాక తిప్పలేరు అనే భ్రమ మన ఐటీ వాళ్లకి ఉండటం మరీ విడ్డూరం. మీటరంటే ఒక మెమరీ చిప్పులో దాచిన అంకె. రాయడానికి వీలున్నది దేన్నైనా తిరగరాయొచ్చని మనకి ఇంకొకరు చెప్పాలా? పదేళ్ల బండి, "డాక్టర్ గారి బండి, సింగిల్ ఓనర్, 38 వేలే తిరిగింది" అంటారు. బ్రేకు పెడల్ రబ్బరు చూస్తే అరిగి నున్నగా ఉంటుంది, స్టీరింగు మీద తోలు ఊడి ఉంటుంది. డాక్టర్ గారు 38 వేల కిలోమీటర్లూ బ్రేకు మీద కాలేసే నడిపారు కాబోలు!

పోనీ నిజంగానే 38 వేలే తిరిగిందనుకోండి. అదేమన్నా గొప్పా? పదేళ్లలో అంతే తిరిగిన కారు ఎక్కువ కాలం సెల్లారులో దుమ్ము పట్టి ఉంటుంది. ఆయిలుకి కిలోమీటర్లే కాదు, నెలలు కూడా లెక్క. రబ్బరు గొట్టాలు, బెల్టులు, టైర్లు, బ్యాటరీ, ఇవన్నీ తిరక్కపోయినా ముసలివవుతాయి. ఏటా పది వేలు తిరిగి, టైముకి సర్వీసయిన లక్ష కిలోమీటర్ల చిన్న మారుతి, మూలన పడున్న బండి కంటే నా మటుకు ఎన్నో రెట్లు మేలు.

కానీ బజారులో జరుగుతున్నదేంటి? 2021లో నేను చూసిన రెండు వ్యాగన్ ఆర్‌ల సంగతి చెప్తాను. రెండూ ఒకే సంవత్సరానివి. ఒకదాని మీటరు 41 వేలు, కాగితం ముక్క లేదు, పెడల్స్ అరిగున్నాయి, ధర 2 లక్షల 65 వేలు. ఇంకోదాని మీటరు 84 వేలు, మొదటి సర్వీసు నుంచి బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, ధర 2 లక్షల 30 వేలు. నేను రెండోది తీసుకున్నాను. దాన్ని అమ్మినాయన రిటైర్డ్ టీచరు. "మీటరు చూసి అందరూ వెళ్లిపోతున్నారు బాబూ, ఒకతను మీటరు తిప్పిద్దాం సార్, ముప్పై వేలు ఎక్కువొస్తాయి అన్నాడు, నేనొద్దన్నాను" అన్నారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆ కారు నడిరోడ్డు మీద ఆగింది ఒక్కసారి, బ్యాటరీ పోయి.

అసలు అన్యాయం ఇదీ. నిజాయితీగా ఫైలు దాచిపెట్టుకున్నాయనకి 35 వేలు తక్కువ, మీటరు తిప్పినవాడికి 35 వేలు ఎక్కువ. 1970లో జార్జ్ అకెర్‌లాఫ్ అనే అర్థశాస్త్రవేత్త సరిగ్గా పాత కార్లనే ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశాడు. మంచి బండికీ డొక్కు బండికీ కొనేవాడు తేడా కనిపెట్టలేకపోతే, మంచి బండికి దాని విలువ రాదు, మంచి బళ్లున్న వాళ్లు మెల్లగా బజారు నుంచి తప్పుకుంటారు, చివరికి డొక్కులే మిగుల్తాయి అన్నది దాని సారాంశం. 2001లో ఆయనకి అర్థశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మనం ఆయన సిద్ధాంతాన్ని రోజూ హైదరాబాద్‌లో రుజువు చేస్తున్నాం, ఫీజు లేకుండా.

ఇంకా బాధేంటంటే మనవాళ్లకి ఇది తెలియక కాదు. అమెరికాలో ఉన్న మన కుర్రాడు కార్‌ఫ్యాక్స్ రిపోర్టు చూడకుండా పాత కొరోలా మీద చెయ్యి కూడా వెయ్యడు. ఎన్నిసార్లు చేతులు మారింది, యాక్సిడెంటు అయ్యిందా, ఏ ఏడాది మీటరు ఎంతుంది, అన్నీ తిరగేస్తాడు. అక్కడ 1972లో వచ్చిన చట్టం ప్రకారం కారు చేతులు మారేటప్పుడు మీటరు రీడింగు రాసిచ్చే పద్ధతి పెట్టారు. అదే కుర్రాడు సెలవుల్లో వచ్చి నాన్నకి ఆల్టో కొనేటప్పుడు మాత్రం "అంకుల్, మైలేజ్ ఎంత?" అని అడిగి అడ్వాన్సు ఇచ్చేస్తాడు. బుద్ధి విమానంలో మర్చిపోతారో ఏమిటో.

మరి ఏం అడగాలి? అబద్ధం ఆడటం కష్టమైనవి అడగండి. సర్వీసు బిల్లులు అడగండి, ప్రతి బిల్లు మీదా ఆ రోజు రీడింగు ఉంటుంది, వరసగా పెడితే తిప్పిన మీటరు దొరికిపోతుంది. బిల్లుల్లేవంటే ఓనర్నే వెంటబెట్టుకుని సర్వీసు సెంటరుకి వెళ్లి పాత రికార్డు అడిగించండి. పాత ఆల్టో 800 లాంటి వాటిలో టైమింగ్ బెల్టు ఉంటుంది, అది ఎప్పుడు మార్చారో అడగండి. తెగితే బండి ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఇన్సూరెన్సు కాగితంలో నో క్లెయిమ్ బోనస్ సున్నా ఉంటే ఎందుకో అడగండి. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లి మీ చేత్తో స్టార్ట్ చెయ్యండి. ముందే వేడి చేసి ఉంచిన బండిని నమ్మొద్దు. ఆర్సీలో బ్యాంకు పేరుంటే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బులు.

ఇంకోటి, కారు పుట్టిన తేదీ అడగండి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షించిన ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో బేసిక్ మోడళ్లలో ఎయిర్‌బ్యాగులు లేవు, అయిదిటికీ పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలే. డ్రైవర్ ఎయిర్‌బ్యాగు మన దేశంలో తప్పనిసరి అయ్యింది 2019 జూలైలో. నెలకి ఎనిమిది వందల పెట్రోలు తేడా కోసం గంట బేరమాడేవాళ్లం, ఎయిర్‌బ్యాగు ఉందా అని అరనిమిషం అడగం. పిల్లల్ని కూర్చోబెట్టేది ఆ కారులోనే కదండీ.

రేపు మీరు బండి చూడ్డానికి వెళ్లినప్పుడు మీటరు మీద 90 వేలుండి, పక్కన బిల్లుల ఫైలు ఉంటే, దయచేసి మొహం తిప్పుకుని వెళ్లకండి. కూర్చుని ఆ ఫైలు చదవండి. బాగుంటే, ఫైలు లేని 40 వేల బండికి ఇవ్వబోయిన డబ్బే ఈ మనిషికివ్వండి. నిజం చెప్పినవాడికి నష్టం రాదని పది మందికి తెలిసిన రోజున మీటరు తిప్పే దుకాణాలు వాటంతటవే మూతబడతాయి. అప్పటిదాకా బ్రోకర్లని తిట్టుకుంటూ కూర్చోవడంలో అర్థం లేదు.