‘గిన్నెలు కడగాలె’ అంటే ఎవరు కడగాలె?

పోర్చుగల్‌కు కొత్తగా వస్తున్న తమ్ముళ్ళకు ఒక మాట. సైటు మీద పనికొచ్చే మాటలు అందరం తొందరగానే పట్టుకుంటం. పార, ఇసుక, పైకి, కిందికి. నెల తిరిగేసరికి వచ్చేస్తయి. రూములో మాట్లాడే భాష మాత్రం ఏండ్లు గడిచినా రాదు. ముందు నేర్వాల్సింది అదే అని మేము అంటం.

గల్ఫ్ క్యాంపుల హిందీతో వెళ్ళిపోయింది. ఇక్కడ కిరాయి ఫ్లాటులో ఆరుగురం ఉంటం, అందులో ఒకాయన బ్రెజిల్, ఒకాయన కేప్ వెర్దె. వంట, ఊడ్చుడు, చెత్త అన్నీ మనమే.

మన తెలుగులో “గిన్నెలు కడగాలె” అంటే అయిపోయింది. నేనైనా కడగాలె, నువ్వైనా కడగాలె, వాళ్ళయినా కడగాలె, మాట మారదు. రూములో పెద్దోడు ఆ మాట అంటడు, లేచేది కొత్తగా వచ్చిన చిన్నోడు. ఇంటికాడైతే లేచేది ఆడోళ్ళు, పేరు గూడ చెప్పనక్కర లేదు. ఈ గిన్నెల మీదనే రెండేండ్లు ఒక్క కుండల తిన్నోళ్ళు మా కండ్ల ముందే విడిపోయిన్రు.

పోర్చుగీసులో మనిషిని బట్టి మాట మారుతది. నేను కడగాలె అంటే “తెన్యు ద్ లవార్ అ లోయ్స”. నువ్వు అయితే “తైంష్ ద్”, మనం అయితే “తేముష్ ద్”. మొదటి మాటకే పని ఎవరిదో తేలిపోతది. ఫోర్‌మన్ “తైంష్ ద్” అంటే తిట్టిండని కొందరు ముఖం మాడ్చుకుంటరు. తిట్టు కాదది, నీ పని అని చెప్పుడు. కాకపోతే ఇంటి ఓనరమ్మతో మీరు ఆ మాట అనొద్దు, అది దోస్తులతో అనేది.

ఫోన్లో నేర్పేది ఎక్కువగా బ్రెజిల్ భాష, అదొకటి చూసుకోండి. వాళ్ళు బాత్రూమును “బన్యేయ్రు” అంటరు, ఇక్కడ “కాజ ద్ బాన్యు”. రేపు సిటిజన్‌షిప్పుకు ఏ2 స్థాయి భాష వచ్చని చూపించాలె. ఆ స్థాయిలో ఉండేవి ఇట్లాంటి ఇంటి మాటలే.

తప్పించుకునే దారి వాళ్ళకూ ఉంది. “ఎ ప్రెసీజు లవార్ అ లోయ్స” అంటే కడగడం అవసరం అని, అంతే. ఎవరో ఉండదు. మనోళ్ళు దాన్ని ఇట్టే నేర్చుకుంటరు.

మా ఫ్రిజ్ మీద కాగితం అంటించినం. ఎవరి లైనులో వాళ్ళు “తెన్యు ద్” అని రాయాలె, పక్కన పని: చెత్త తీసుకపోవుడు “లెవార్ ఉ లీషు”, నేల ఊడ్చుడు “వర్రేర్ ఉ షావ్”. ఐదుగురం రాస్తున్నం. బ్రెజిల్ ఆయన ఒక్కడే ఇంకా “ఎ ప్రెసీజు” అని రాస్తున్నడు.