‘చూద్దాంలే’ అంటే చూపే పోతుంది

రాత్రి లైటు ఆర్పి పక్క మీద వాలగానే కంటి చివర తళుక్కున ఒక మెరుపు. బయట మెరిసిందేమోనని కిటికీలోంచి చూస్తే మబ్బు తునక కూడా లేదు. తెల్లారి పేపరు తెరిస్తే అక్షరాల మీద దోమ వాలినట్టు నల్లటి నలుసు. చేత్తో తోలితే పోదు; చూపు ఎటు తిప్పితే అటే వస్తుంది. నీరసమని ఒకరంటారు, బీపీ చూపించుకోమని ఇంకొకరంటారు. మందుల షాపులో చుక్కల సీసా ఇస్తారు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. ‘నాలుగు రోజులు ఆగి చూద్దాంలే’ అనుకుంటాం. ఆ నాలుగు రోజుల్లోనే ఆ కంటికి చూసే శక్తి పోవచ్చు.

ఉన్నట్టుండి మొదలైన మెరుపులు, మసి చల్లినట్టు కొత్తగా పుట్టిన నలుసులు, ఒక పక్క నుంచి తెరలా కమ్ముకొచ్చే నీడ. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు, అదీ రెటీనా చూసే డాక్టరుకే చూపించుకోవాలి.

నొప్పి లేకపోవడమే ఇక్కడ పెద్ద ముప్పు. కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పలుచని పొర రెటీనా. అది చిరిగినా మనకు నొప్పి పుట్టదు. దానికి తెలిసింది వెలుగొక్కటే. అందుకే ఏదైనా లాగితే మెరుపుగా చెబుతుంది. కంటి లోపలంతా లేత ముంజలాంటి జెల్లీ ఉంటుంది. యాభై, అరవై ఏళ్లు వచ్చేసరికి అది నీరుగారి, ముడుచుకుని, రెటీనాను వదిలేస్తుంది. చాలామందిలో ఏ హానీ చేయకుండానే విడిపోతుంది. కొందరిలో మాత్రం గట్టిగా అతుక్కున్న చోట పొరను కూడా లాగి చింపేస్తుంది. వానకు తడిసిన గోడ మీది సినిమా పోస్టరు ఒక మూల చిరిగితే చాలు, నీళ్లు వెనక్కి దిగి కాగితమంతా జారిపోతుంది. రెటీనా ఊడటమూ అలాగే. గోడను వదిలిన కణాలకు ఆక్సిజన్ సరిగా అందదు. చూపుకు నడిమధ్య ఉండే మాక్యులా కూడా ఊడిందంటే, ఎంత మంచి ఆపరేషన్ చేసినా పోయిన చూపంతా తిరిగి రాకపోవచ్చు.

ఇలా హఠాత్తుగా మెరుపులు, నలుసులతో జెల్లీ విడిపోయినవారిలో వందకు పది, పదిహేను మందికి రెటీనా చిరిగి ఉంటుంది. ఆ చిరుగును వదిలేస్తే దాదాపు సగం మందికి పొర ఊడుతుంది. చుట్టూ లేజర్‌తో అతికిస్తే ఆ ప్రమాదం వందకు ఐదు కన్నా తగ్గుతుంది. లేజర్ నిమిషాల పని, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. పొర ఊడాక అయితే పెద్ద ఆపరేషన్, కంట్లో గ్యాస్ లేదా సిలికాన్ ఆయిల్, చాలాసార్లు రోజుల తరబడి తల వంచుకుని ఉండటం. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో జూల్స్ గోనిన్ అనే డాక్టరు 1920ల్లో ‘చిరుగే మూలం, దాన్ని మూయాలి’ అని నిరూపించేదాకా రెటీనా ఊడటం దాదాపు చికిత్స లేని జబ్బు. ఇప్పుడు చికిత్స ఉన్నా, ఆలస్యం చేసి మనమే దాన్ని దూరం చేసుకుంటున్నాం.

మైనస్ ఆరు దాటిన సైట్ ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి 24 మిల్లీమీటర్లుంటే, వీరిది 26 దాటి సాగుతుంది, పొర పలుచబడుతుంది. పెళ్లికి ముందు సైట్ పోవడానికి లేజర్ చేయించుకుని అద్దాలు తీసేశామని నిశ్చింతగా ఉన్న యువతీ యువకులు ఇది గుర్తుంచుకోవాలి. ఆ లేజర్ మార్చింది కంటి ముందు భాగాన్నే. సాగిన కన్ను సాగినట్టే ఉంది. శుక్లాల ఆపరేషన్ అయినవారు, ఒక కంట్లో ఇప్పటికే పొర ఊడినవారు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చినవారు కూడా జాగ్రత్త పడాలి. క్రికెట్ బంతి, బిళ్లంగోడు, టపాకాయ తగిలిన కంటికి వారాలు, నెలలు గడిచాక కూడా ముప్పు రావచ్చు. షుగర్ ముదిరితే కంట్లో పుట్టే మచ్చ కణజాలం పొరను లాగేస్తుంది, ఒక్కోసారి చిరుగు లేకుండానే.

రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కంటి లోపాన్ని రెండోది కప్పేస్తుంది. ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చూడండి, తర్వాత రెండోది. ఏ మూలనైనా అంకెలు మసకబారితే బయలుదేరండి. అన్నీ కనిపించాయని మాత్రం మెరుపును కొట్టిపారేయకండి. కంట్లో ఆముదం, పసరు వేయకండి. డాక్టరు కంటిపాపను పెద్దదిచేసే చుక్కలు వేసి చూస్తారు. కొన్ని గంటలు మసక ఉంటుంది, బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. చిరుగు లేదన్నా, నెలా నెలన్నరలో మళ్లీ చూపించుకోండి.

తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ లక్షలాది మందికి అద్దాలిచ్చింది. అద్దం రెటీనాను కాపాడదు. ఎక్కువ మైనస్ ఉన్నవారిని రెటీనా పరీక్షకు పంపే ఏర్పాటు ప్రతి కంటి శిబిరంలో ఉండాలి. అద్దాల షాపు గోడ మీద, శుక్లాల ఆపరేషన్ చీటీ మీద మెరుపులు, నలుసులు, నీడ అనే ఆ మూడు లక్షణాలు పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలి.

ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరైనా ‘కంట్లో ఏదో మెరిసింది’ అంటే తేలిగ్గా తీసేయకండి. మీ ఊళ్లో రెటీనా డాక్టరు లేకపోతే, డాక్టరు ఉన్న ఊరికి వెళ్లే తొలి బస్సు ఎక్కించండి.