ఫీడు మూట మీద ఇంగ్లీషు పెద్దోళ్ళకు ఎవురు నేర్పుతారు?

మన తీరంలో పెద్దోళ్ళకు ఇంగ్లీషు రాదంటే నేను ఒప్పుకోను. మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా ఏ రొయ్యల గుంట కట్ట మీదన్నా నిలబడి ఇనండి. ఏరేటరు, చెక్‌ట్రే, సీడు, కౌంటు, ల్యాబు, హార్వెస్టు. బడి మొహం చూడని మనిషి నోట్లో గూడా గంపెడు ఇంగ్లీషు మాటలు ఉండాయి. రానిది మాట కాదు, ఆ మాటను కాగితం మీద చదవడం.

ఆ చదవలేకపోవడానికి మనం డబ్బు కట్టుకుంటా ఉండాం. మందు డబ్బా వెనకాల ఏమేం కలిపినారో సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటది. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాళ్ళు దొరికితే విదేశాల్లో సరుకు వెనక్కి కొట్టేస్తారు. ల్యాబు రిపోర్టు ఇంగ్లీషే. రైతు దాన్ని తీసుకుపొయ్యి ఎవురికి చూపిస్తాడు? మందులమ్మే అంగడాయనకు. ఆయన ఏ మందు చెప్తే అదే మందు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకుపోయింది. సంగతి తెలుగు పేపర్లలో వొచ్చింది, కాదనను. కానీ ఆగస్టు 27 కన్నా ముందే ఓడెక్కి, సెప్టెంబరు 17 లోపల ఆడ దిగిన సరుకుకు రెండోసారి వేసిన 25 శాతం పడదని ఆ ఇంగ్లీషు ఉత్తర్వులోనే ఉండాది. ఈ ముక్క గుంట కట్ట మీద ఎంతమందికి తెలుసు? మనకు సుంకం గురించి చెప్పేదీ, సరుకు కొనేదీ ఒకే మనిషైతే రేటు ఎవురు తేలుస్తారో మీరే చెప్పండి.

ప్రభుత్వాలు ఇంగ్లీషు మీద ఖర్చు పెట్టలేదా అంటే పెట్టినాయి. అంతా పిల్లకాయల కోసమే. 2019లో ఇంగ్లీషు మీడియం జీవో, 2022లో బైజూస్ పాఠాలతో ట్యాబులు, 2023లో టోఫెల్ ఒప్పందం. ఆ టోఫెల్‌ను ప్రభుత్వం మారినాక పక్కనబెట్టినారు. బైజూస్ 2024లో దివాలా కోర్టు మెట్లెక్కింది. అది మంచిదా చెడ్డదా అనే రచ్చ ఈడ వద్దు. ఆ పిల్లకాయల అమ్మానాయనల గురించి మాత్రం ఒక్క పార్టీ గూడా నోరెత్తలేదు.

ఫోన్లో ఉచితంగా బోలెడు దొరుకుతాయి గదా అంటారు. దొరుకుతాయి. బ్రిటిష్ కౌన్సిల్ పాఠాలుండాయి, బీబీసీ పాఠాలుండాయి, డ్యుయోలింగో ఉండాది. మంచివే. కానీ ఆ పాఠాల్లో మనిషి హోటల్లో కాఫీ అడుగుతాడు, విమానాశ్రయంలో దారి అడుగుతాడు. నలభై ఐదేళ్ళ రొయ్యల రైతుకు అది ఎందుకు? నాలుగు రోజులు నొక్కి వదిలేస్తాడు, తర్వాత నా బుర్రకు ఎక్కదులే అనుకుంటాడు. ఎక్కనిది బుర్రకు కాదు, పాఠం ఆయన బతుకుకు.

ఇంకో సంగతి. వాయిస్ ఆఫ్ అమెరికా 1959 నుంచి సుమారు 1500 మాటలతోనే, నిదానంగా చదివే ఇంగ్లీషు వార్తలు ఇస్తా వొచ్చింది. 2025 మార్చిలో ఆడి ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో ఆ సంస్థ గొంతు నొక్కేసింది. పరాయోడి దీపం ఎప్పుడు ఆరిపోతదో మనకు చెప్పి ఆరదు.

పెద్దోళ్ళకు చదువు ఎట్టా ఎక్కుద్దో చూపించిన జిల్లా మనదే. 1990ల మొదట్లో అక్షర దీపం పేరుతో రాత్రి బళ్ళు పెట్టినారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండె. తాగుబోతు మొగుడు, ఆడోళ్ళంతా కలిసి ఊళ్ళో సారా అంగడి మూయించడం, అదే కథ. దూబగుంట ఆడోళ్ళు అది చదివి, ఇది మన ఊరి కథే గదా అని లేచినారు. రోశమ్మ పేరు దేశమంతా ఇన్నది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా బంద్ అయింది, 1995లో మద్యనిషేధమే వొచ్చింది. ఆడ అక్షరం గొప్పగా నేర్పినారని కాదు. పాఠం వాళ్ళ ఇంటిది, చదివింది పదిమందితో కూర్చోని. ఇప్పటి యాప్‌లో ఆ రెండూ లేవు. ఒంటరిగా నొక్కుకోవాల్సిందే.

ఫోన్లో కుదరదా? కుదురుతది. 2009లో బంగ్లాదేశ్‌లో బీబీసీ జనాల అని మొదలుబెట్టినారు. బటన్ ఫోనే చాలు, నెంబరు కొడితే మూడు నిమిషాల ఇంగ్లీషు పాఠం ఇనిపించేది. లక్షలమంది ఇన్నారు. మనకాడ 2025 జనవరిలో 161 సేవలతో మన మిత్ర వాట్సాప్ వొచ్చింది, బిల్లులు కట్టొచ్చు, సర్టిఫికెట్లు తీసుకోవచ్చు. అదే నెంబరులో రోజుకు మూడు నిమిషాల పాఠం పెట్టడానికి ఏం అడ్డం? మన ఎమ్మెల్యేలు ఊళ్ళోకి వొచ్చినప్పుడు రోడ్డుతో పాటు ఇది గూడా అడగండి.

వాళ్ళు పెట్టేదాకా కూర్చోవాల్సిన పని లేదు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. డిగ్రీ చదివిన మీరు పాళేనికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టండి. రోజుకు ఒక ఫోటో, ఒక వాయిస్. ఫీడు మూట, ల్యాబు కాగితం, బోటు ఇంజను బుక్కు, పోర్టు గేటు కాడ బోర్డు, గల్ఫు పొయ్యేవోళ్ళ ఒప్పంద పత్రం. ఒక మాట చూపించి, చదివి, మన యాసలోనే అర్థం చెప్పండి. తిరిగి వాళ్ళ చేత వాయిస్ పెట్టించండి, తప్పు చదివితే నవ్వకండి. మీ అమ్మ ఇచ్చే జవాబు ఇని పక్కింటి అత్త గూడా నోరు తెరుస్తది. గ్రామర్ ఆరు నెలల తర్వాత చూద్దాం.

పాఠం రాత్రి ఎనిమిది దాటినాక పెట్టండి. తెల్లారుజామున వేటకు పొయ్యేవోళ్ళకు అప్పుడు ఫోను చూసే తీరిక ఉండదు. రొయ్యలు వలిచే ప్లాంటుల్లో పనిచేసే ఆడోళ్ళకు చాలాచోట్ల డ్యూటీలో ఫోను ఉండనియ్యరు. మొదటి ఫోటోగా మందు డబ్బా వెనకాల భాగం పెట్టండి, ముందర కాదు. ముందర ఉండేది కంపెనీ పేరు, అది అందరికీ తెలుసు.